పారిజాతం కషాయం, ‘జరిగిన నరం’, ఆ వాట్సాప్ మెసేజ్

నడుము నుంచి పిరుదు మీదుగా పాదం దాకా లాగే నొప్పి గురించి ఒక మెసేజ్ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. సారాంశం ఇది: సయాటికా అంటే నరం పక్కకు జరగడం. మూడు వారాలు మంచం దిగకుండా పడుకుని, పరగడుపున పారిజాతం ఆకుల కషాయం తాగితే నరం సర్దుకుంటుంది. ఎంఆర్ఐ తీయిస్తే డిస్క్ బల్జ్ (డిస్క్ ఉబ్బింది) అని చెప్పి ఆపరేషన్ చేసేస్తారు, ఆపరేషన్ చేయించుకుంటే కాళ్లు పడిపోతాయి. పది మందికి పంపండి.

అంతా అబద్ధమే అయితే ఇంత రాయనక్కర్లేదు. మధ్యలో కొంత నిజం కలవడమే చిక్కు.

ముందుగా, నరం ఎక్కడికీ జరగదు. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పైపొర చిట్లి, లోపలి గుజ్జు వెనక్కి పొడుచుకొచ్చి, కాలికి వెళ్లే నరం మొదట్లో నొక్కుతుంది. ఎక్కువగా ఇది నడుము అడుగున రెండు చోట్ల జరుగుతుంది. రిపోర్టుల్లో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాసేవి అవే (ఎల్ అంటే నడుము పూస, ఎస్ అంటే దాని కిందిది, అంకె వరస సంఖ్య). డిస్కే కారణమని 1934లో బోస్టన్ సర్జన్లు మిక్స్‌టర్, బార్ గట్టిగా చూపించారు. నొక్కుడు ఒక్కటే కాదు, ఆ గుజ్జు తగిలి నరం చుట్టూ వాపు కూడా వస్తుంది. అందుకే స్కాన్‌లో చిన్నగా కనిపించిన డిస్క్ కూడా ఒక్కోసారి నిద్ర లేకుండా చేస్తుంది. ఏ నరమో చాలావరకు కాలే చెబుతుంది: ఎల్5 అయితే పాదం పైభాగం, బొటనవేలి వైపు తిమ్మిరి, ఎస్1 అయితే మడమ, చిటికెన వేలి వైపు. నరం సర్దుకుంటుందని పిక్క తొక్కించుకుంటే కాసేపు హాయిగా ఉండొచ్చు కానీ ఆ చెయ్యి వెన్నెముక లోపలికి వెళ్లి దేన్నీ సర్దలేదు.

మూడు వారాల మంచం సంగతి 1999లోనే తేలిపోయింది. నెదర్లాండ్స్‌లో సయాటికా ఉన్నవాళ్లలో కొందరిని రెండు వారాలు పడుకోబెట్టారు, మిగతావాళ్లను వీలైనంత వరకు లేచి తిరగమన్నారు. పడుకున్నవాళ్లకు ఒరిగిందేమీ లేదు. నొప్పి మరీ ఎక్కువైతే ఒకటి రెండు రోజులు నడుము వాల్చవచ్చు, అంతే.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. 12 వారాలకు రెండు గుంపుల్లోనూ 87 శాతం మంది మెరుగయ్యామన్నారు. పారిజాతం ఊసే లేకుండా! బయటికొచ్చిన గుజ్జును శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. విచిత్రమేమిటంటే పూర్తిగా తెగి బయటపడిన పెద్ద ముక్కలే చిన్న బల్జ్‌ల కంటే ఎక్కువగా కరిగిపోతాయి. కాబట్టి నొప్పి మొదలైన నెలకు ఎవరేది తాగినా, చాలామందికి ఆ తర్వాత తగ్గుతుంది. తొలకరికి నాలుగు రోజుల ముందు కప్పతల్లిని ఊరేగించి వాన మేమే తెప్పించామన్నట్టు, ఆ పేరు కషాయానికి పోతుంది. ఆయుర్వేదంలో గృధ్రసికి (సయాటికాకు అక్కడి పేరు) పారిజాతం వాడటం పాత సంగతే, దాన్ని నేను వెక్కిరించడం లేదు. కానీ కషాయం తాగినవాళ్లకు తగ్గిందంటే సరిపోదు, తాగనివాళ్లతో పోల్చి చూడాలి. ఇంగ్లీషు మందులకూ ఇదే గీటురాయి. సయాటికాకు ఇక్కడ విరివిగా రాసే ప్రీగాబలిన్ అనే నరాల నొప్పి మందును ఆస్ట్రేలియాలో మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూస్తే, 2017లో వచ్చిన ఫలితాల్లో నొప్పి ఏమంత ఎక్కువ తగ్గలేదని తేలింది. (ఇది చదివి వేసుకుంటున్న మాత్ర హఠాత్తుగా ఆపకండి, డాక్టర్‌ని అడగండి.)

ఎంఆర్ఐ విషయంలో మెసేజ్ సగం కరెక్టు. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి స్కాన్ తీస్తే 52 శాతం మందికి కనీసం ఒక చోట బల్జ్ కనిపించింది. అంటే బల్జ్ అన్న మాట చూసి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు, దాని ఆధారంగానే ఆపరేషన్ అంటే ఒప్పుకోనూ అక్కర్లేదు. స్కాన్‌లో కనిపించిన చోటూ, కాలిలో తిమ్మిరి ఉన్న చోటూ కలవాలి. కానీ దీన్నిబట్టి అసలు స్కానే వద్దంటే మాత్రం తప్పు.

ఆపరేషన్‌తో కాళ్లు పడిపోతాయన్నది భయం తప్ప మరొకటి కాదు. పెద్దవాళ్లలో వెన్నుపాము ఎల్1-ఎల్2 దగ్గరే ముగుస్తుంది. ఎల్4-ఎల్5 దగ్గర ఉండేవి విడివిడి నరాలే. ఇన్ఫెక్షన్, నరాల చుట్టూ ఉండే పొర చిరగడం, డిస్క్ మళ్లీ బయటికి రావడం వంటి ఇబ్బందులున్నాయి. నరానికి దెబ్బ తగలడం అరుదు. 2007లో మళ్లీ నెదర్లాండ్స్ నుంచే వచ్చిన అధ్యయనంలో 283 మందిని రెండుగా విడదీశారు. వెంటనే ఆపరేషన్ అయినవాళ్లకు కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నారు. అయితే ఆగి చూద్దామన్నవాళ్లలోనూ 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. నొప్పి ఎంతకాలం భరించగలం, పని ఎన్నాళ్లు మానగలం అన్నది ఎవరి లెక్క వాళ్లది.

నాకు అసలు కోపం మెసేజ్‌లో లేనిదాని మీద. మూత్రం రాక ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, మర్మాంగాలు, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే అది అడుగునున్న నరాల గుత్తి మొత్తం నలుగుతున్నట్టు కావచ్చు. మూడు వారాలు కాదు, మర్నాటి దాకా కూడా ఆగకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు జీవితాంతం పోవచ్చు. సిగ్గుతో ఈ లక్షణాలు ఇంట్లో చెప్పనివాళ్లే ఎక్కువ నష్టపోతారు. చెప్పు కాలి నుంచి జారిపోతున్నా, పాదం పైకెత్తలేక నేలకు ఈడుస్తున్నా అదీ త్వరగా చూపించాల్సిందే. జ్వరం, బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ ఉండటం కూడా అంతే.

అరవై దాటినవాళ్లలో ఇంకో రకం ఉంది. కాస్త నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చున్నా ముందుకు వంగినా తేలికవుతుంది. వెన్నెముకలో నరాల దారి ఇరుకైనప్పుడు ఇలా జరుగుతుంది. వంగకుండా ఊరికే నిలబడినా తగ్గిపోతుంటే, ముఖ్యంగా పొగ తాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, అది నరం కాకుండా కాలి రక్తనాళాల్లో అడ్డంకి కావచ్చు. అప్పుడు నడుము స్కాన్ కంటే ముందు పాదంలో నాడి ఆడుతోందో లేదో చూడమని డాక్టర్‌ని అడగండి.