ఏడాదికే గ్రాట్యుటీ అట! ఎవరు చెప్పారు?

‘నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు. ఏడాది పనిచేస్తే అందరికీ గ్రాట్యుటీ, వారానికి నాలుగు రోజులే పని, మానేసిన రెండు రోజుల్లో మొత్తం డబ్బు, అత్తమామలకు కంపెనీ ఇన్సూరెన్స్, అందరికీ చేతికొచ్చే జీతం కోత. అందరికీ పంపండి.’ ఈ మెసేజ్ 2025 నవంబర్ నుంచి ఒక గ్రూపులో తగ్గితే ఇంకో గ్రూపులో మొదలవుతోంది. లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చిన తేదీ మాత్రం నిజం.

గ్రాట్యుటీ, అంటే కొలువు ముగిసినప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు. దాని సంగతి తీరిగ్గా చూడాలి. దీన్ని నమ్మి రాజీనామా రాసేవాళ్లు ఉంటారు కాబట్టి. రెగ్యులర్ ఉద్యోగికి ఐదేళ్ల షరతు (వర్కింగ్ జర్నలిస్టులకైతే మూడేళ్లు) ఆ కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రతా కోడ్ 53వ సెక్షన్‌లో అలాగే ఉంది. ఏడాది వెసులుబాటు ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి మాత్రమే. ఆ ఉద్యోగి ఎవరో తేల్చుకోవడానికి అపాయింట్‌మెంట్ లెటర్ తీయండి. కంపెనీయే నేరుగా ఇచ్చిందా? ఉద్యోగం ఫలానా తేదీతో ముగుస్తుందని రాతపూర్వకంగా ఉందా? రెండూ ఉంటేనే. ఏజెన్సీ పేరు మీద జీతం పడే ఔట్‌సోర్సింగ్ వాళ్లు కాంట్రాక్ట్ లేబర్ కిందకి వస్తారు. ‘మాదీ కాంట్రాక్టే కదా’ అంటే సరిపోదు. ప్రొబేషన్‌లో ఉన్నంత మాత్రాన కూడా ఫిక్స్‌డ్ టర్మ్ కాదు. మిగతావాళ్లు రెగ్యులర్ ఉద్యోగం మూడేళ్లు చేసి మానేస్తే వచ్చే గ్రాట్యుటీ అక్షరాలా సున్నా.

మెసేజ్‌లోని లెక్క ఇంకా ఘోరం. నెలకు 30,000 జీతమైతే ఏడాదికి 17,307 వస్తుందట. సూత్రం సరే, చివరి వేతనాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చించాలి. కానీ అందులో వేసే ‘వేతనం’ మొత్తం జీతం కాదు. బేసిక్, డీఏ (కరువు భత్యం) మాత్రమే. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), కన్వేయన్స్ (ప్రయాణ భత్యం) లాంటి వేతనంలోకి రాని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరకు వేతనంలో కలుస్తుంది. బేసిక్ 12,000, అలవెన్సులు 18,000 అనుకోండి. 3,000 కలిసి వేతనం 15,000 అవుతుంది. ఏడాదికి గ్రాట్యుటీ 8,654. అదీ ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకే. వాళ్లూ మరీ మురిసిపోనక్కర్లేదు. గడువు తీరి ఉద్యోగం పోతే దాన్ని రిట్రెంచ్‌మెంట్‌గా (కంపెనీ ఉద్యోగిని తొలగించడంగా) లెక్కించరు, ఆ పరిహారం రాదు. ఈ ముక్క మెసేజ్‌లో ఎందుకు లేదో!

కుటుంబాలకు నిజంగా పనికొచ్చే విషయం మాత్రం ఆ మెసేజ్‌లో లేనే లేదు. ఉద్యోగి చనిపోయినా, ప్రమాదంతోనో జబ్బుతోనో పని చేయలేని స్థితికి వచ్చినా ఐదేళ్ల షరతు వర్తించదు. ‘మూడేళ్లే చేశాడు, ఏం రాదులే’ అని ఊరుకోకూడదు. నామినీ దరఖాస్తు పెట్టుకోవాలి. పెళ్లికి ముందు తల్లి పేరో తండ్రి పేరో రాసినవాళ్లు నామినేషన్ మార్చారో లేదో ఒకసారి చూసుకోవాలి.

నాలుగు రోజుల పని: వారానికి 48 గంటలు 48 గంటలే. నాలుగు రోజులకు సర్దితే రోజుకు 12 గంటలు. అది వీలు, హక్కు కాదు. శుక్రవారం నుంచి ఊరెళ్లొచ్చని టికెట్లు తీయకండి.

అత్తమామలు: కోడ్‌లో ‘కుటుంబం’ అనే నిర్వచనంలో మహిళా ఉద్యోగి మీద ఆధారపడిన అత్తమామలను, ఆదాయ పరిమితితో, చేర్చారు. కంపెనీ కొనే గ్రూప్ పాలసీ ఆ నిర్వచనం ప్రకారం నడవదు.

రెండు రోజుల్లో మొత్తం డబ్బు: రాజీనామా చేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో ఇవ్వాల్సింది వేతన బకాయి. ఇది వేతన కోడ్ 17వ సెక్షన్. గ్రాట్యుటీకి 30 రోజుల గడువుంది. పీఎఫ్‌కి (భవిష్యనిధికి) క్లెయిమ్ విడిగా పెట్టుకోవాలి. నోటీస్ పీరియడ్ రద్దయిందని కొందరు దీనికి తోక తగిలిస్తున్నారు. ఆ రెండు రోజులు లేఖ ఇచ్చిన నాటి నుంచి కాదు, కొలువు ముగిసిన నాటి నుంచి.

ఇక జీతం కోత. అందరికీ అనడం తప్పు. పీఎఫ్‌కి పోయేది వేతనంలో 12 శాతం. లక్ష జీతంలో బేసిక్ 40,000 ఉండి, 15,000 పరిమితి మీదే పీఎఫ్ కట్టేవాళ్లకు అప్పుడూ 1,800, ఇప్పుడూ 1,800. కార్మిక శాఖ 2025 డిసెంబర్‌లో ఇచ్చిన వివరణ కూడా ఇదే. కానీ మెసేజ్ రాసినవాడికి తెలిసో తెలియకో ఇక్కడ ఒక నిజం తగిలింది. ఇందాకటి 30,000 జీతగాడినే చూడండి. కోడ్‌లకు ముందు 12,000 బేసిక్ మీద 1,440 పోయేది. కొత్త లెక్కలో వేతనం 15,000 అయితే 1,800. చేతికి 360 తగ్గుతుంది. యజమాని వాటా కూడా సీటీసీలోంచే (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులోంచే) తీసే కంపెనీ అయితే 720. అంటే పరిమితికి పైనున్న లక్ష జీతగాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు, బేసిక్‌ని పరిమితికి దిగువన అణచిపెట్టిన చిన్న జీతగాడికే కోత పడుతుంది. ఆ డబ్బు అతని పేరు మీదే జమవుతుంది, ఐదేళ్ల గ్రాట్యుటీ 34,615 నుంచి 43,269కి పెరుగుతుంది, నిజమే. నెలాఖరున ఇంటి అద్దె కట్టడానికి మాత్రం అవి చేతికి రావు.