మహారాజశ్రీ జోనింగ్ మ్యాపు గారికి

టేపు పట్టుకుని వీధులు కొలిచేవాళ్ళం నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ రంగులూ చెదరకుండా ఉన్నాయని తలుస్తాం. ఊరి నడిబొడ్డు మాత్రం అంత క్షేమంగా లేదు. ఊళ్ళో ఎక్కడ దుకాణం, ఎక్కడ ఇల్లు కట్టొచ్చో రంగులతో చెప్పే తమరు అమల్లోకి వచ్చాక, అక్కడున్న కట్టడాల్లో చాలావాటిని పడగొడితే మళ్ళీ అదే రూపంలో కట్టనివ్వరని తేలింది. ఊరు ముందు పుట్టిందనీ, మీరు తర్వాత వచ్చారనీ మీకెవరూ చెప్పినట్టు లేదు.

ముందు మీ గీత సంగతి. మీ స్కేలు 1:10,000. దుకాణాల ఎరుపుకీ ఇళ్ళ పసుపుకీ నడుమ గీత మందం ఒక మిల్లీమీటరు, అంటే నేల మీద 10 మీటర్లు. 6 మీటర్ల వెడల్పున్న షాపు షట్టరుతో సహా అందులో మునిగిపోతుంది. అది వాణిజ్యమా, నివాసమా అని యజమాని అడిగితే కౌంటర్లో మిమ్మల్ని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తారు. గీత కూడా లావవుతుంది, జవాబు మాత్రం రాదు. హద్దును ప్లాట్ల హద్దుల మీదుగా నడిపించి, ఏ ప్లాటు ఏ జోన్లో ఉందో పట్టిక జతచేస్తే ఈ తంటా ఉండదు.

తమరికి రోడ్డు మధ్యలో హద్దు గీయడమంటే మోజు. దాంతో ఒకే వీధిలో ఈ పక్క మూడంతస్తుల దుకాణాలు, ఆ పక్క ఇళ్ళు తప్ప ఇంకేమీ కుదరదు. వీధికి రెండు వైపులా ముఖాలు ఒకేలా ఉండాలి కదా! హద్దు ప్లాట్ల వెనక గోడల మీదుగా పోతే తేడా పెరట్లో పడుతుంది. ఎత్తు తగ్గించాల్సిందీ అక్కడే.

ఇక సెట్‌బ్యాకులు, అంటే కట్టడం చుట్టూ ఖాళీగా వదలాల్సిన దూరాలు. 6 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల లోతున్న ప్లాటులో పక్కల ఒకటిన్నర మీటరు చొప్పున, ముందు నాలుగున్నర, వెనక మూడు మీటర్లు వదలమన్నారు. మిగిలింది 3 మీటర్ల వెడల్పు, పన్నెండున్నర లోతు. 120 చదరపు మీటర్ల స్థలంలో ముప్పై ఏడున్నర! అందులోంచి మెట్లు తీసేస్తే మిగిలేది నడవాయే. ఊరి అంచున కొత్త లేఅవుట్ కోసం రాసిన లెక్కని నడిబొడ్డున తగిలించారు. పాత బజారులో కావలసింది కనీస దూరం కాదు, గరిష్ఠ దూరం: ముందు గోడ రోడ్డు అంచు నుంచి మీటరున్నర దాటి వెనక్కి పోకూడదు, పక్క గోడలు కలవొచ్చు.

పార్కింగ్ దగ్గర మీ దాతృత్వానికి హద్దే లేదు. షాపులో ప్రతి 20 చదరపు మీటర్లకి కనీసం ఒక కారుకి చోటు చూపాలన్నారు, అంటే 100 చదరపు మీటర్ల షాపుకి 5 కార్లు. కారు నిలిచే చోటు పన్నెండున్నర చదరపు మీటర్లే అయినా, మలుపూ దారీ కలిపితే 25 నుంచి 30 పడుతుంది. వెరసి 125 నుంచి 150. షాపు కంటే పార్కింగే పెద్దది! కారుకి స్థలం లేదని పాత భవనం ఖాళీగా పడి ఉంటుంది, దాన్ని పడగొడితే మాత్రం కార్లకి బోలెడు చోటు. అమెరికాలో బఫలో నగరం 2017లోనే ఈ కనీస లెక్కని ఎత్తేసింది. పగలు బ్యాంకుకొచ్చిన కారు, సాయంత్రం హోటలుకొచ్చిన కారు, రాత్రి మేడమీద కాపురమున్నవాళ్ళ కారు ఒకే చోట వంతులవారీగా నిలబడగలవు.

మీకు 1926లో అమెరికాలో యూక్లిడ్ అనే ఊరి కేసులో వచ్చిన తీర్పు వారసత్వమని విన్నాం. జోనింగ్ చెల్లుతుందన్న ఆ తీర్పులోనే అమెరికా సుప్రీంకోర్టు అపార్టుమెంటుని పరాన్నజీవితో పోల్చింది. షాపుల పైన జనం కాపురముంటే మీకు జ్వరమెందుకొస్తుందో అప్పుడర్థమైంది.

నడిబొడ్డంతా ఎరుపు పులిమితే వ్యాపారం పెరుగుతుందనుకోవడం ఇంకో భ్రమ. చిన్న ఊళ్ళో గిరాకీ మూడు నాలుగు వీధులకే సరిపోతుంది. దాన్ని పన్నెండు వీధులకి పరిస్తే ప్రతి వీధిలోనూ మూసిన షట్టర్లే. నేల అంతస్తులో దుకాణం తప్పనిసరి అన్న షరతు ఆ మూడు నాలుగు వీధులకే, అదీ ముందున్న 8–10 మీటర్ల లోతుకే పెట్టండి. వెనకా పైనా ఎవరిష్టం వాళ్ళది.

పాతవాటిని దయతో ఉండనిస్తామంటారు కానీ ఆ దయకీ మెలిక ఉంటుంది. చాలా నిబంధనల్లో షాపు ఆరునెలలో ఏడాదో మూతపడితే పాత హక్కు పోతుంది. సగానికి పైగా కాలిపోతే అక్కడ మళ్ళీ అదే కట్టుకోనివ్వరు. అది తెలిసిన బ్యాంకు అప్పివ్వదు, అప్పులేనిదే మరమ్మతు జరగదు.

కాబట్టి ఈసారి సవరణకి ముందు ఒక్క పరీక్షకి కూర్చోండి. వీధి వీధీ నడిచి ప్రతి ప్లాటు వెడల్పు, అంతస్తులు, రోడ్డు నుంచి దూరం, కిందా పైనా ఏం నడుస్తోందో రాయించుకోండి. జనం మెచ్చే కట్టడాల్లో పదింట తొమ్మిదైనా మీ కొత్త నిబంధనకి నిలవకపోతే, మార్చాల్సింది నిబంధననే.

ఇట్లు,
తమ కింద నలిగే నేల తరఫున.

తా.క. మీ మీద తేదీ లేదు. సవరణ నంబరూ తేదీ కింది మూలలో వేయించుకోండి. లేకపోతే కౌంటర్లో ఒక కాపీ, కోర్టులో ఇంకో కాపీ తిరుగుతాయి.