ఇంట గెలుపే మిగిలిన సైన్యం జట్టు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. 1976 నుంచి 1984 దాకా వరుసగా తొమ్మిదేళ్లు సోవియట్ యూనియన్ విజేతగా నిలిచిన ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా యూరప్ కప్పును ఇంటికి తెచ్చుకోలేకపోయింది. అది మాస్కోకు చెందిన సీఎస్‌కేఏ. రష్యన్లు ఈ నాలుగు అక్షరాలను విడివిడిగా పలకరు, కలిపేసి ‘ట్సెస్కా’ అంటారు.

ఈ క్లబ్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా కప్పుల లెక్కతో మొదలుపెడతారు. సోవియట్ టైటిళ్లు 24, యూరప్ టైటిళ్లు 8, వాటికి తోడు రష్యా టైటిళ్లు. అన్నీ ఒకే కుప్పగా పోస్తే యూరప్‌లో ఇంతటి క్లబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే కనిపిస్తాయి. ఆ కుప్పను రెండుగా విడదీయాలన్నది నా వాదన. ఇంట్లో దక్కిన గెలుపుల్లో పెద్ద వాటా అధికారం చేతికందించింది. రచ్చలో దక్కినవి ఆడి సంపాదించుకున్నవి. ఈ తేడా పట్టుకోకపోతే 2022లో ఆ క్లబ్ పోగొట్టుకున్నది ఎంతో అర్థం కాదు.

పేరుతోనే మొదలుపెడదాం. సీఎస్‌కేఏ అంటే సైన్యపు కేంద్ర క్రీడా క్లబ్. దాని మూలాలు 1923లో ఉన్నాయి. మధ్యలో పేరు చాలాసార్లు మారి, 1960లో ఇప్పటి పేరు స్థిరపడింది. బాస్కెట్‌బాల్‌లో తొలి సోవియట్ టైటిల్ యుద్ధం ముగిసిన 1945లోనే వచ్చింది. రష్యా పత్రికలు నేటికీ ఈ ఆటగాళ్లను ‘అర్మెయ్‌త్సీ’ అంటాయి, అంటే సైన్యంవాళ్లని.

సైన్యం జట్టు అనగానే మనకు సర్వీసెస్ గుర్తుకొస్తుంది, దాని పక్కనే రైల్వేస్. బాగా ఆడే కుర్రాడికి ఉద్యోగమిచ్చి నిలబెట్టుకునే పద్ధతి మనకు కొత్త కాదు. కానీ పోలిక అక్కడితో ఆగాలి. మన కుర్రాడు జీతం కోసం, భద్రత కోసం తానే దరఖాస్తు పెట్టుకుంటాడు. సోవియట్ కుర్రాడికి మాత్రం నిర్బంధ సైనిక సేవ చట్టం ఉంది. వయసు రాగానే పిలుపు వస్తుంది, ఆ సేవను మాస్కోలో బంతి పట్టుకుని చేయవచ్చు. రాజధానిలో ఇల్లు, సైనిక హోదా, జాతీయ జట్టుకు దగ్గరి దారి, విదేశీ ప్రయాణాలు కూడా ఆ పిలుపు వెంటే వచ్చేవి. అందుకే వచ్చినవాళ్లందరినీ చెయ్యి పట్టి లాక్కొచ్చారని అనలేం. చాలామంది ఇష్టంగానే వచ్చారు. అయినా ఎస్తోనియా నుంచి యాక్ లిప్సో, బెలారూస్ నుంచి ఇవాన్ ఎదెష్కో, ఉరల్ ప్రాంతపు స్వెర్ద్‌లోవ్‌స్క్ నుంచి సెర్గేయ్ బెలోవ్, కీవ్ నుంచి 220 సెంటీమీటర్ల వ్లదీమిర్ త్కచెంకో అందరూ చివరికి ఒకే చొక్కాలో తేలారంటే ఏటి నీరంతా ఒకే చెరువుకు మళ్లిందన్నమాట. కాలువ తవ్వింది రాజ్యం.

ఇక రచ్చ సంగతి. యూరప్ క్లబ్బుల కప్పు 1958లో మొదలైంది. మొదటి మూడేళ్లూ గెలిచింది రీగా నగరపు సైన్యం క్లబ్. దాని కోచ్ అలెగ్జాండర్ గోమెల్స్కీ, నడిమధ్యలో నిలబడ్డ కొండ యానిస్ క్రూమిన్ష్. 1961లో ఆ రీగానే ఫైనల్లో ఓడించి సీఎస్‌కేఏ తొలిసారి యూరప్ విజేత అయింది. మరుసటి ఏడు ద్బిలిసి డైనమో, 1963లో మళ్లీ సీఎస్‌కేఏ. అంటే మొదటి ఆరు కప్పులూ సోవియట్ జట్లవే. కొన్నేళ్లకు గోమెల్స్కీ కూడా మాస్కోకే చేరాడు. రీగా వెలుగు మసకబారింది.

1963 ఫైనల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. రియల్ మాడ్రిడ్‌తో ఇరు ఊళ్లలో చెరొక మ్యాచ్. మాడ్రిడ్‌లో రియల్ 86-69తో గెలిచింది. మాస్కోలో సీఎస్‌కేఏ 91-74తో బదులు తీర్చుకుంది. రెండూ కూడితే 160-160. సరిసమానం! మూడో మ్యాచ్ మాస్కోలోనే పెట్టి 99-80తో తేల్చారు. స్కోర్ల కంటే నాకు ఆసక్తి కలిగించేది అసలు స్పెయిన్ జట్టు మాస్కోకు రావడం. 1958లో ఇదే రియల్ మాడ్రిడ్ సెమీఫైనల్లో రీగాతో ఆడాల్సి ఉండగా, సోవియట్ నేల మీద అడుగు పెట్టడానికి ఫ్రాంకో ప్రభుత్వం అనుమతించక పోటీ నుంచే తప్పుకుంది. ఎవరు ఎవరితో ఆడాలో విదేశాంగ శాఖలు తేల్చడం ఈ కప్పుకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

1969లో బార్సెలోనాలో, రెండుసార్లు అదనపు సమయం ఆడిన ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌పై 103-99. వ్లదీమిర్ అంద్రేయెవ్ ఒక్కడే 37 పాయింట్లు కొట్టాడు. 1970లో ఇటలీకి చెందిన వరేజె చేతిలో ఓటమి, 1971లో అదే వరేజెపై గెలుపు, 1973లో మళ్లీ దాని చేతిలోనే ఓటమి. ఈ మధ్యలోనే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్. చివరి మూడు సెకన్లను మూడుసార్లు ఆడించిన ఆ ఫైనల్లో అమెరికాపై 51-50 గెలుపు గురించి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. కోర్టు ఒక చివర నుంచి బంతిని విసిరిన ఎదెష్కో సీఎస్‌కేఏవాడు. దాన్ని అందుకుని బుట్టలో వేసిన అలెగ్జాండర్ బెలోవ్ మాత్రం లెనిన్‌గ్రాద్ స్పార్తక్ ఆటగాడు. ఆ మ్యాచ్‌లో 20 పాయింట్లు చేసిన సెర్గేయ్ బెలోవ్ ఇంకో బెలోవ్, సీఎస్‌కేఏవాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు.

1971 తర్వాత కప్పు మళ్లీ మాస్కో చేరడానికి 35 ఏళ్లు పట్టింది. ఇంట్లో ఎదురులేని జట్టు బయట ఎందుకు తడబడింది? నాకు కనిపించే ప్రధాన కారణం ఒకటే. ఇటలీ, స్పెయిన్, ఇజ్రాయెల్ క్లబ్బులు అమెరికా ఆటగాళ్లను డబ్బిచ్చి తెచ్చుకున్నాయి. సోవియట్ సైన్యం క్లబ్ ఆ పని చేయలేదు. దేశమంతటి నుంచి నీరు మళ్లించుకునే కాలువ సరిహద్దు దగ్గర ఆగిపోయింది.

దీనికి గుర్తుగా 1977 ఫిబ్రవరి 17 నిలిచిపోయింది. ఇజ్రాయెల్‌తో దౌత్య సంబంధాలు లేవు కనుక టెల్ అవీవ్ వెళ్లి మక్కాబితో ఆడటానికి సోవియట్ పక్షం ఒప్పుకోలేదు. ఇద్దరికీ సంబంధం లేని బెల్జియంలో, విర్టన్ అనే చిన్న పట్టణంలో ఆడారు. మక్కాబి 91-79తో గెలిచింది. అమెరికాలో పుట్టిన దాని కెప్టెన్ టాల్ బ్రోడీ, మనం ప్రపంచ పటం మీదికి ఎక్కాం, ఇక దిగేది లేదని సంబరంగా అన్న మాట ఇజ్రాయెల్‌లో సామెతలా స్థిరపడింది. ఆ ఏడాది కప్పు కూడా వాళ్లదే.

మన దేశానికి కూడా ఈ కథలో చిన్న చోటుంది. 1980 మాస్కో క్రీడలను చాలా దేశాలు బహిష్కరించినందువల్ల భారత పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు ఒలింపిక్స్ తలుపు తెరుచుకుంది. మళ్లీ ఎప్పుడూ తెరుచుకోలేదు. సోవియట్ జట్టు చేతిలో మనవాళ్లు 121-65తో ఓడారు. ఆ క్రీడల జ్యోతిని వెలిగించిన సెర్గేయ్ బెలోవ్ ఆ జట్టులోనే ఉన్నాడు. అంత చేసి, సొంతగడ్డ మీద యుగోస్లావియా, ఇటలీల వెనక సోవియట్ జట్టు కాంస్యంతోనే సరిపెట్టుకుంది.

ఇంటి గెలుపు విలువ ఎంతో అందరికంటే బాగా తూచింది లిథువేనియాలోని కౌనస్ నగరం. అక్కడి క్లబ్ పేరు జాల్గిరిస్. అది 1410 నాటి ఒక యుద్ధ విజయం పేరు. ఆ తరపు మేటి ఆటగాడు అర్విదాస్ సబోనిస్ ఆ జట్టులో ఎదిగి అక్కడే నిలిచాడు. 1985, 1986, 1987లో జాల్గిరిస్ వరుసగా మూడుసార్లు సోవియట్ విజేత అయింది. లిథువేనియన్లకు అవి ఆటలో గెలుపులు మాత్రమే కావు. వీధిలో అనకూడని మాటను స్టేడియంలో గొంతెత్తి అనగలిగారు. 1988లో టైటిల్ సీఎస్‌కేఏకు తిరిగొచ్చింది, 1990లో మరోసారి. కానీ అదే 1988లో గోమెల్స్కీ కోచ్‌గా సియోల్ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టుకు వెన్నెముక లిథువేనియన్లే. చివరి సోవియట్ టైటిల్, 1991లో, ఎస్తోనియా క్లబ్ కలెవ్‌కు దక్కింది. కొద్ది నెలలకు దేశమే లేదు.

కాలువ తెగినా చెరువులో నీరు కొంతకాలం ఉంటుంది కదా. 1992 నుంచి 2000 దాకా రష్యా టైటిళ్లు తొమ్మిదీ సీఎస్‌కేఏవే. ఆ వరుసను తెంచింది ఎవరనుకున్నారు? 2001, 2002లో విజేత పెర్మ్ నగరపు ఉరల్ గ్రేట్. దాని కోచ్ సెర్గేయ్ బెలోవ్! సైన్యం జట్టు తయారు చేసుకున్న మహావీరుడే, ఆజ్ఞాపత్రాల బలం పోయాక ఆ కోటకు బీటలు కొట్టాడు. సీఎస్‌కేఏ కూడా తెలివిగా స్పందించింది. పెర్మ్ జట్టును నడిపిన సెర్గేయ్ కుష్చెంకోనే 2002లో తన అధ్యక్షుడిగా తెచ్చుకుంది.

అక్కడి నుంచి కొత్త కథ. సైన్యం పేరు, ఎర్రనీలం రంగులు మిగిలాయి గానీ ఖర్చు పెట్టేది నోరిల్స్క్ నికెల్ కంపెనీ. సైబీరియా ఉత్తరపు గనుల లోహం మాస్కోలో బాస్కెట్‌బాల్‌గా మారింది. విమర్శించడం సులువే, అది కూడా మరో రకం అధికారమే. అయినా ఇప్పుడు ఆటగాడు ఒప్పంద పత్రం చదివి సంతకం పెట్టి వస్తున్నాడు. 2003 నుంచి 2010 దాకా ఎనిమిదేళ్లు వరుసగా యూరోలీగ్ (పాత యూరప్ కప్పుకు ఇప్పటి పేరు) ఫైనల్ ఫోర్‌లో, అంటే చివరి నాలుగు జట్లలో చోటు. ఇటలీ కోచ్ ఎత్తోరె మెస్సీనా, గ్రీసుకు చెందిన పాపలూకాస్, అమెరికా నుంచి లాంగ్డన్. 2006లో ప్రాగ్‌లో 73-69తో, 2008లో మాడ్రిడ్‌లో 91-77తో కప్పు గెలిచారు. రెండుసార్లూ ఎదుట నిలిచింది మక్కాబి. విర్టన్ నాటి లెక్క తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఈసారి ఎవరి వీసాకూ అడ్డు రాలేదు.

ఈ కాలంలో నాకు బాగా నచ్చేది ఒక ఓటమి. 2012, ఇస్తాంబుల్. గ్రీసు క్లబ్ ఒలింపియాకోస్‌పై ఒక దశలో 19 పాయింట్ల ఆధిక్యం. జట్టులో అమెరికా లీగ్ నుంచి తిరిగొచ్చిన అంద్రేయ్ కిరిలెంకో, సెర్బియా నుంచి తెయోదోసిచ్. కోచ్ యోనస్ కజ్లౌస్కస్, సీనియర్ ఆటగాడు రమూనస్ షిష్కౌస్కస్ ఇద్దరూ లిథువేనియన్లే. ఒకప్పుడు కౌనస్ పళ్లు కొరికిన క్లబ్‌కు ఇప్పుడు అక్కడివాళ్లే జట్టు నడుపుతున్నారు. ఆధిక్యం కరుగుతూ కరుగుతూ 61-60 దగ్గరికొచ్చింది. పది సెకన్లు కూడా లేవు. షిష్కౌస్కస్‌కు రెండు ఫ్రీ త్రోలు. రెండూ తప్పాయి. ఒలింపియాకోస్ ఆటగాడు స్పనూలిస్ బంతిని సహచరుడు ప్రింతెజిస్‌కు అందించాడు, చేతి నుంచి జారినట్టు వెళ్లిన షాట్ బుట్టలో పడింది. 62-61. ఏ మంత్రిత్వ శాఖా, ఏ గని యజమానీ దిద్దలేని ఫలితం అది. నాలుగేళ్ల తర్వాత బెర్లిన్‌లో టర్కీ క్లబ్ ఫెనెర్బాచెతో ఫైనల్ కూడా ఇలాగే చేజారబోతుంటే, చివరి క్షణంలో విక్తర్ ఖ్ర్యాపా బంతిని లోపలికి నెట్టి 83-83 చేశాడు. అదనపు సమయంలో 101-96తో కప్పు దక్కింది. 2019లో మరో టర్కీ క్లబ్ అనడొలు ఎఫెస్‌పై మరొకటి, ఎనిమిదోది.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై దాడి మొదలైంది. నాలుగు రోజులకు యూరోలీగ్ రష్యా క్లబ్బులను నిలిపివేసింది. తర్వాత ఆ సీజన్‌లో వాటి ఫలితాలన్నీ చెరిపేసింది. విదేశీ ఆటగాళ్లు షెంగెలియా, గ్రిగోనిస్, హాకెట్, లుండ్‌బెర్గ్, వోయిట్‌మన్ వెళ్లిపోయారు. కోచ్ ఇటూడిస్ వేసవికి ఫెనెర్బాచె చేరాడు. పొరుగు దేశాలతో కలిపి నడిచిన వీటీబీ లీగ్ నుంచి ఎస్తోనియా, పోలండ్ క్లబ్బులు తప్పుకున్నాయి. యుద్ధం చేస్తున్న దేశపు సైన్యం పేరు మోసే క్లబ్ పట్ల ఇంకెలా వ్యవహరించగలరు? ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. పేరు ఉత్తినే మిగిలిందని, క్లబ్ ఎప్పుడో కంపెనీది అయిందని వాదించవచ్చు. కానీ ఆ పేరుతో వచ్చిన వైభవాన్ని వందేళ్లు మోసినవాళ్లు దాని బరువు కూడా మోయాల్సిందే.

చిత్రంగా, రచ్చ మూతపడ్డాక ఇల్లు నిజంగా పోటీ వేదికైంది. 2022లో గాజ్‌ప్రోమ్ అండ ఉన్న జెనిత్, 2023లో కజాన్ జట్టు యూనిక్స్, 2024లో సీఎస్‌కేఏ విజేతలు. అయితే ఆ టైటిల్ ఎంత బరువుదో తూచే తక్కెడ మాస్కోలో లేదు. 1963లో మాడ్రిడ్ కావాల్సి వచ్చింది, 2012లో ఒలింపియాకోస్ ఊరు పిరయస్ కావాల్సి వచ్చింది.

లెనిన్‌గ్రాద్‌స్కీ రహదారి మీద సీఎస్‌కేఏ ఆడే హాలుకు గోమెల్స్కీ పేరు పెట్టారు. యూరోలీగ్ తన ఉత్తమ కోచ్‌కు ఇచ్చే బహుమతికి కూడా ఆయన పేరే పెట్టింది. సీఎస్‌కేఏను నడుపుతూ మెస్సీనా దాన్ని 2006లో, 2008లో అందుకున్నాడు, ఇటూడిస్ 2016లో. నిషేధం ఉన్నంతకాలం గోమెల్స్కీ హాలులో పనిచేసే కోచ్ ఎవరికీ గోమెల్స్కీ బహుమతి వచ్చే దారి లేదు.