పదకొండు గంటల ఆకలి

హైదరాబాద్‌లో చవగ్గా, రుచిగా తినాలంటే పొద్దున్నే లేవాలి. రామ్ కీ బండి దగ్గర వెన్న కారే దోసె కోసం తెల్లారకముందే వెళ్లి నిలబడేవాళ్లున్నారు. పాతబస్తీలో ఫజర్ నమాజు ముగిసేసరికి నిహారీ సిద్ధంగా ఉంటుంది, ఎండ ముదిరేసరికి దేగ్‌చా అడుగు గీకుతుంటారు. ఖిచిడీ, ఖీమా, ఖట్టా కూడా పొద్దుటి సరుకే. కాలనీలో టిఫిన్ సెంటర్‌కి పదిన్నరకి వెళితే పూరీ అయిపోయిందంటాడు. పదకొండుకి వెళితే పెనం మీద నీళ్లు చల్లి, "మీల్స్ పన్నెండున్నరకి సార్" అంటాడు. బిర్యానీ సంగతీ అంతే, హండీ మూత లేచేది మధ్యాహ్నానికే.

సరిగ్గా పదకొండింటికి ఆకలితో నిద్ర లేచినవాడికి ఈ నగరంలో మిగిలేవి రెండే. ఒకటి ఇరానీ చాయ్, 20 రూపాయలు. రెండోది బ్రంచ్, 999 రూపాయలు, పక్కన రెండు ప్లస్ గుర్తులు.

మా మరదలు ఆ రెండో జాతి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా అమెరికా టైముకి పనిచేసి, శని ఆదివారాలు కూడా అదే టైముకి ఆకలేసే పిల్ల. రాజమండ్రి నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు రాగానే ప్రకటించేసింది.

"బావా, ఆదివారం జూబ్లీహిల్స్‌లో బ్రంచ్. అయిదుగురికీ టేబుల్ బుక్ చేశాను. టిఫిను, భోజనం రెండూ ఒకేసారి అయిపోతాయి. లెక్కేస్తే చాలా చీప్."

"ఎన్నింటికి?"

"పన్నెండున్నర. అప్పటిదాకా ఎవరూ ఏమీ తినకూడదు. తింటే డబ్బులు గిట్టవు."

మావయ్యగారి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన రైల్వేలో కేటరింగ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా ఆ చూపు వదల్లేదు. వడ చేతిలోకి తీసుకుంటే ముందు బరువు చూస్తారు, తర్వాత రుచి. పైగా షుగరు. ఎనిమిదింటికి టిఫిను, వెంటనే ట్యాబ్లెట్. నలభయ్యేళ్లుగా ఆయన కడుపు టైంటేబుల్ ప్రకారమే నడుస్తోంది, రైళ్లు నడిచినా నడవకపోయినా.

ఆదివారం పొద్దున్న ఆయన మారుమాట్లాడకుండా వాకింగ్‌కి బయల్దేరారు. మోకాళ్ల నొప్పులని మెట్లు కూడా దిగని అత్తయ్యగారు, "నేనూ వస్తానుండండి" అని చెప్పులేసుకున్నారు. ఇద్దరూ గంటన్నర నడిచొచ్చారు. మరదలు అప్పటికి ఇంకా నిద్ర లేవలేదు.

హోటల్ బాగానే ఉంది. బాగుందనే చెప్పాలి, ఎందుకంటే సీలింగ్ నుంచి సైకిళ్లు వేలాడదీసిన చోటుని బాగులేదంటే మనకి తెలీదనుకుంటారు. పదార్థాలు మాత్రం ఏవీ వాటి మామూలు ఆకారంలో లేవు. ఇడ్లీ బొత్తాం సైజులో ఉంది, దానికి గుచ్చిన పుల్ల దానికంటే పొడుగు. పెసరట్టుని మడిచి, మధ్యలో పనీరు కూరి టాకో అని పేరు రాసి పెట్టారు. మావయ్యగారు ఒకటి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "ఉప్మా ఉండాల్సిన చోట ఇదేమిటి?" అన్నారు, డ్యూటీలో ఉన్నప్పటి గొంతుతో.

తర్వాత పెరుగన్నం కోసం బయల్దేరారు. థాయ్ కూర పక్కన తెల్లన్నం దొరికింది. పెరుగే లేదు. సర్వీస్ చేసే కుర్రాడికి తెలుగు రాదు, మావయ్యగారిది రైల్వే హిందీ.

"బేటా, సాదా దహీ?"

"సాదా నహీ హై సార్. స్ట్రాబెర్రీ హై, మ్యాంగో హై."

అయిదు నిమిషాల తర్వాత చూస్తే ఆయన గులాబీ రంగు అన్నం కలుపుకుంటున్నారు. ఆవకాయ అడిగితే కుర్రాడు మెక్సికన్ మిరపకాయ ముక్కలు తెచ్చాడట. ఆయన దాన్నీ వదల్లేదు. డబ్బు కట్టిన అన్నం పారేయడం ఆయన రక్తంలో లేదు. మా ఆవిడ మాత్రం పక్కకి తిరిగి కూర్చుంది.

మరదలొక్కతే యుద్ధం చేసింది. మూడు ప్లేట్లు, రెండు రకాల కేకులు. "మీరేంటి, అందరూ పిట్టల్లా తింటున్నారు?" అని కేకలు.

ఇక బిల్లు. అయిదుగురికి 4,995 రావాలి కదా, ఆ రెండు ప్లస్ గుర్తులూ కలిసి 5,769 వచ్చింది. మావయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. నాకు టెన్షన్ మొదలైంది.

"సర్వీస్ చార్జి పది శాతం. దాని మీద మళ్లీ జీఎస్టీ 5 శాతం. మేనేజర్ని పిలవండి."

మేనేజర్ వచ్చాడు.

"బాబూ, ప్లేటు పట్టుకుని తిరిగింది నేను. వడ్డించుకుంది నేను. సర్వీస్ ఎవరు చేశారు?"

"సార్, అది హోటల్ పాలసీ."

"2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. సర్వీస్ చార్జి ఇవ్వడం కస్టమర్ ఇష్టం, మీ అంతట మీరు బిల్లులో కలపకూడదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యమంటారా?"

పక్క టేబుళ్లలో చెంచాలు ఆగాయి. మరదలు మెనూ కార్డు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. కొత్త బిల్లు 5,245కి దిగి వచ్చింది. ఆ కుర్రాడి చేతిలో మావయ్యగారు విడిగా 100 పెట్టారు, మెక్సికో ఆవకాయకి.

అంతటితో లేస్తారనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ గారు లేవలేదు.

"ఫిర్యాదుల పుస్తకం తెప్పించండి. పెరుగు విషయం రాయాలి."

పుస్తకమంటే ఏమిటో మేనేజర్‌కి అర్థం కాలేదు. కాసేపు ఆలోచించి, వినయంగా వంగి అడిగాడు. "ట్యాబ్లెట్ ఇమ్మంటారా సార్?"

"అక్కర్లేదు బాబూ. పొద్దున్న ఇడ్లీ తినగానే వేసుకున్నాను."

మెనూ కార్డు కిందికి దిగింది.

"నాన్నా! ఇడ్లీ తిన్నావా?"

"నాలుగే తల్లీ. పూరీ చెప్పింది మీ అమ్మ."

అత్తయ్యగారు హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతుక్కోవడం మొదలెట్టారు. మరదలు మా ఇద్దరి వైపూ తిరిగింది. మా ఆవిడ సీలింగ్ మీది సైకిళ్లు లెక్కపెడుతోంది. నేను కారు తీసుకురావడానికి లేచాను.