గోల్డెన్ అవర్ సరే, 108లో ఉన్న మనిషి నిద్ర సంగతేంటి?

రోడ్డు ప్రమాదం జరిగాక మొదటి గంటని గోల్డెన్ అవర్ అంటారని ఇప్పుడు దాదాపు అందరికీ తెలుసు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఆ మాటను చట్టంలోనే రాశారు. అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే పదివేల జరిమానా అన్నారు. దెబ్బలు తగిలినవాళ్లని ఆసుపత్రికి చేర్చిన మనిషిని కేసుల్లో ఇరికించకూడదన్నారు. 2025 మేలో ప్రమాద బాధితులకి లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే పథకం కూడా వచ్చింది. అన్నీ మంచివే, కాదనను. కానీ ఆ గంటలో రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని ప్రాణం నిలబెట్టే మనిషి అప్పటికి ఎన్ని గంటలుగా మేలుకొని ఉన్నాడు? దీని గురించి ఎవరూ మాట్లాడరు.

మా ఆయన 108లో ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. నెల్లూరు వెళ్లే హైవే మీద, ఒంగోలు దాటాక వచ్చే ఊళ్ల మధ్య తిరిగే బండి. ఆ బండిలో ఇద్దరే ఉంటారు. నడిపేవాళ్లని పైలట్ అంటారు. వెనక రోగి దగ్గర ఉండేది ఈఎంటీ. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల పెద్ద ప్రమాదమైతే డాక్టరే రోడ్డు మీదికి వస్తాడట. మన దగ్గర డాక్టర్ ఫోన్లో ఉంటారు. చూసేదీ, చేసేదీ, చెప్పిన మందు ఎక్కించేదీ ఈఎంటీనే. అందుకే రోడ్డు మీద జనం "డాక్టర్ గారూ, త్వరగా చూడండి" అంటూ చేతులు పట్టుకుంటారు. ఆ సమయానికి అక్కడ డాక్టర్ పని చేసేది నిజంగా ఆయనొక్కరే.

ఆ పని ఎలా ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. తెలిస్తే ఈ పోస్ట్ రాసే అవసరం ఉండేది కాదు.

హైవే మీద రాత్రి కేసుల్లో ఎక్కువ భాగం ఒకేలా ఉంటాయని ఆయన చెబుతుంటారు. రోడ్డు పక్కన లైట్లు వేయకుండా ఆపిన లారీ, వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రక్కు, యూటర్న్ దాకా వెళ్లడానికి బద్ధకించి ఎదురుగా వచ్చే బైకు, తెల్లవారుజామున కన్ను మూతపడిన కారు డ్రైవరు. బండి ఆగగానే ముందు చూసేది రోగిని కాదు, వెనక నుంచి ఇంకో లారీ వచ్చి అందరినీ గుద్దేస్తుందేమోనని. తర్వాత ఊపిరి ఆడుతోందా, నోట్లో రక్తం, పళ్లు అడ్డుపడ్డాయా అని చూస్తారు. రక్తం ఎక్కడి నుంచి పోతోందో చూసి గట్టిగా అదిమి పడతారు. మెడకి కాలర్ వేసి, నలుగురి సాయం తీసుకుని మనిషిని చెక్కలా కదలకుండా ఒక్కసారిగా పక్కకి తిప్పి, స్పైన్ బోర్డు మీదికి ఎక్కిస్తారు. ఆ తిప్పడంలో తేడా వస్తే, నడిచే మనిషి జన్మంతా మంచానికే అతుక్కుపోవచ్చు. ఇదంతా చీకట్లో, టార్చి వెలుగులో, చుట్టూ అరుపుల మధ్య చేయాలి. తర్వాత బండి పరిగెడుతుంటే ఒక చేత్తో పైనున్న కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని డాక్టర్‌కి బీపీ, పల్సు చెప్పాలి. ఆసుపత్రి చేరాక రోగి రికార్డు ఫారం నింపాలి. ఏ నిమిషానికి ఏం చేశారో తప్పు లేకుండా రాయాలి, ఎందుకంటే రేపు కోర్టులో అదే సాక్ష్యం.

ఇప్పుడు ఇదే పనిని డ్యూటీ ఎక్కిన పదకొండో గంటలో చేయమంటే?

108లో షిఫ్టు పన్నెండు గంటలు. కాగితం మీద పన్నెండు. డ్యూటీ దిగడానికి పది నిమిషాల ముందు కేసు పడితే వెళ్లాల్సిందే. ఏరియా ఆసుపత్రి వాళ్లు "మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అంటే గుంటూరుకో నెల్లూరుకో వెళ్లి రావాలి. అవతల షిఫ్టు మనిషి రాకపోతే బండి వదలకూడదు. అలా పన్నెండు కాస్తా పదిహేనవుతుంది. వారం పగలు, వారం రాత్రి. పగలు నిద్రపోవాలంటే మా వీధిలో కూరగాయల బళ్లూ మైకులూ పడుకోనివ్వవు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం, బస్సులు లారీలు నడిపేవాళ్లకి రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని చెప్పింది. సరుకు మోసే మనిషికి నిద్ర కావాలని అరవై ఏళ్ల కిందటే అర్థమైంది. ప్రాణం మోసే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎక్కడికి పోయింది?

ఆసుపత్రి గుమ్మం దగ్గర పోయే సమయం ఇంకొకటి. "బెడ్ లేదు, మీ స్ట్రెచర్ మీదే ఉంచండి" అంటారు. ఆ స్ట్రెచర్ తిరిగి చేతికి వచ్చేదాకా బండి కదలదు, ఇంకో చోట కేసు పడినా వెళ్లలేరు. ప్రమాద కేసుల్లో పోలీసు కాగితాలు తర్వాత, ముందు వైద్యం అని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో చెప్పేసింది. అయినా ఈనాటికీ "ఎంఎల్‌సీ (పోలీసులకి చెప్పాల్సిన కేసు) కదా, పేరు రాయించండి, వెంట ఎవరు వచ్చారు" అంటూ ముందు ఆ ప్రశ్నలే వేసే చోట్లున్నాయి. అక్కడి నర్సులదీ తప్పని నేననను. వాళ్లూ ఒకరికి ముగ్గురి పని చేస్తున్నారు. కానీ రోగి బంధువుల కోపం పడేది మాత్రం ఖాకీ ప్యాంటో నీలం చొక్కానో వేసుకుని ఎదురుగా కనిపించే ఈ మనిషి మీదే. ఆలస్యంగా వచ్చారని కాలర్ పట్టుకున్నవాళ్లున్నారు. ఆ బండి అప్పుడే ఇంకో పురుడు కేసు దించి వచ్చిందని వాళ్లకెలా తెలుస్తుంది?

ఇంటికొచ్చాక ఆయన పిల్ల దగ్గరికి పోరు. నేరుగా పెరట్లోకి వెళ్లి స్నానం చేసి, యూనిఫాం బకెట్లో విడిగా నానబెడతారు. రక్తం మరక వేడినీళ్లకి పోదు, చన్నీళ్లలోనే వదులుతుంది. పెళ్లయ్యాక నేను నేర్చుకున్న సంసారపు పనుల్లో అదొకటి. పాప ఎదురొచ్చి "నాన్నా, ఎత్తుకో" అంటే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటారు. చిన్నపిల్లల కేసు పడిన రోజు మాత్రం మొహం చూస్తే తెలిసిపోతుంది. నేనేం అడగను. అత్తయ్య కూడా కంచంలో అన్నం పెట్టి ఊరుకుంటుంది. ఆ రాత్రి ఆయన పాప మంచం పక్కన నేల మీద పడుకుంటారు. ఈ బరువు దించుకోవడానికి మాట్లాడే మనిషి ఎవరైనా డ్యూటీలో ఉన్నారా అంటే లేరు. తర్వాతి కాల్ వస్తుంది, వెళ్లాలి.

పండగల సంగతి చెప్పనే అక్కర్లేదు. సంక్రాంతికి ఊళ్లన్నీ సొంతూళ్లకి బయలుదేరతాయి, అందువల్లే 108 వాళ్లకి సెలవు ఉండదు. భోగి రోజు పిల్లకి భోగిపళ్లు పోసేటప్పుడు తండ్రి లేడని చుట్టాలు గుచ్చి గుచ్చి అడుగుతారు. డిసెంబరు 31 రాత్రి మా ఇంట్లో టీవీ పెట్టను. ఆ రాత్రి పన్నెండు దాటాక రోడ్డు మీద ఏం జరుగుతుందో నాకు తెలుసు.

జీతం కూడా రాస్తాను, రాయడానికి సిగ్గేం లేదు. ఏళ్ల సర్వీసు ఉన్నా చేతికి వచ్చేది ప్రభుత్వాసుపత్రిలో రెగ్యులర్ స్టాఫ్ నర్సు జీతంలో సగం కూడా ఉండదు. 108ని నడిపేది టెండర్ దక్కించుకున్న సంస్థ, అందుకే టెండర్ మారినప్పుడల్లా మాకు టెన్షన్. కొత్త సంస్థ పాత సర్వీసు లెక్కిస్తుందా, పీఎఫ్ సంగతేంటి, గ్రాట్యుటీ ఎవరిస్తారు, అసలు కొనసాగిస్తారా? 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు దేశమంతా మనవైపు చూసింది, తర్వాత ఎన్నో రాష్ట్రాలు అదే నంబరు తీసుకున్నాయి. తెలుగువాళ్లు నిజంగా గర్వపడాల్సిన విషయమది. ఇరవై ఏళ్లలో బండ్లు మారాయి, రంగులు మారాయి, బండి మీద బొమ్మలు మారాయి. లోపల కూర్చునే మనిషి మాత్రం కాంట్రాక్టు మనిషిగానే ఉన్నాడు. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తెచ్చి ఈ పనిని వృత్తిగా గుర్తించింది. మా ఇంటికి వచ్చే జీతం స్లిప్పులో దానివల్ల ఒక్క గీత కూడా మారలేదు.

ఎనిమిది గంటల షిఫ్టు పెడితే రెండు జట్లు ఉన్నచోట మూడు జట్లు కావాలి, ఖర్చు పెరుగుతుంది అంటారు. పెరుగుతుంది, ఒప్పుకుంటాను. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. అందులో ఎంతమంది ఇల్లు నడిపే వయసువాళ్లో మీ ఊరి నుంచే లెక్కపెట్టుకోండి. ఆ ఇళ్లు మోసే ఖర్చు ముందు మూడో జట్టు జీతం ఎంత? పైగా నర్సింగో, డీ ఫార్మసీయో, బీఎస్సీయో చదివి ఊళ్లలో ఖాళీగా ఉన్న పిల్లలు మన దగ్గర తక్కువ లేరు. "ఇష్టం లేకపోతే మానేయొచ్చు కదా" అని కూడా కొందరు అంటారు. చాలామంది అలాగే మానేశారు. పనిలో చేయి తిరిగినవాళ్లు గల్ఫ్‌కో కార్పొరేట్ ఆసుపత్రికో వెళ్లిపోతే, మీ ఇంటివాళ్లు రోడ్డు మీద పడిన రాత్రి ఎవరు వస్తారు?

రోడ్డు మీద మీరు చేయగలిగింది కూడా చెప్తాను, ఆయన రోజూ మొత్తుకునే మాటలివి. 108కి ఫోన్ చేసినప్పుడు పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి, ఏ వైపు రోడ్డో చెప్పండి, బండి వచ్చేదాకా వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తండి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లు చేతులు పట్టి ఆటోలో మడిచి కూర్చోబెట్టకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి, మాటిమాటికీ తీసి చూడకండి. వీడియో తీసే ఫోన్లలో రెండింటినైనా టార్చి వేసి పట్టుకోండి, ఈఎంటీకి అది చాలా సాయం.

ఇంకొక్కటి. మీ ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు, కలెక్టర్ గ్రీవెన్స్‌కి వెళ్లినప్పుడు మా తరఫున ఈ రెండూ అడగండి. వచ్చే 108 టెండరులో ఎనిమిది గంటల షిఫ్టు షరతుగా రాస్తారా? సంస్థ మారినా పాత సర్వీసు పోకుండా రాస్తారా? మేం అడిగితే సమ్మె అంటారు. ఆ బండి అవసరం మీకు, కాబట్టి మీరూ అడగండి.