ఈస్ట్ ఫ్రీ డైట్‌లో బెల్లం, తేనె చక్కెరకు ప్రత్యామ్నాయం కావు

చక్కెర మానేశాం, తేనె వాడుతున్నాం, తాటిబెల్లం వాడుతున్నాం, కాబట్టి మాది ఈస్ట్ ఫ్రీ డైట్ (ఈస్ట్ అనే పులియబెట్టే సూక్ష్మజీవినీ, దానికి మేతయ్యే చక్కెరనీ మానే తిండి) అనుకునేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. కష్టపడి నోరు కట్టుకుంటూ, కిలోకి మూడు రెట్లు ఎక్కువ డబ్బు పెట్టి, మళ్లీ అదే చక్కెర తింటున్నారు. నా బాధంతా అదే.

తేనెలో నూటికి ఇంచుమించు 70 పాళ్లు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే. బెల్లంలో, తాటిబెల్లంలో, కోకోనట్ షుగర్‌లో ఎక్కువ భాగం సుక్రోజ్, అంటే మామూలు పంచదారే. ఖర్జూరం సిరప్‌లో తేనెలాగే గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే ఎక్కువ. ఈస్ట్‌కి ఈ మూడు చక్కెరలూ మంచి మేత. తెల్లారగట్ల చెట్టు మీంచి దించిన నీరా మధ్యాహ్నానికి నురగలు కక్కుతూ కల్లుగా మారుతుంది. ఆ నీరానే సున్నం రాసిన కుండలో పులవకుండా పట్టి, కాచి, అచ్చుల్లో పోస్తే తాటిబెల్లం. కల్లును పొంగించిన చక్కెర ఆ అచ్చులోనూ ఉంది. బెల్లంలో కొంచెం ఇనుము, పొటాషియం ఉన్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

ఇంకో గందరగోళం ఉంది. ఈస్ట్ పడనివాళ్లు, అంటే అలర్జీ ఉన్నవాళ్లు మానాల్సింది ఈస్ట్‌ని: బ్రెడ్, బీరు, చిప్స్ మసాలాల్లో కలిపే ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్. వాళ్లకి పంచదారతో పేచీ లేదు. ఒంట్లో కాండిడా (మన ఒంట్లో ఉండే ఒక రకం ఈస్ట్) పెరుగుతోందని భయపడి తీపి మానేవాళ్ల సంగతి వేరు. తీపి మానితే పేగులోని కాండిడా చస్తుందనడానికి గట్టి రుజువు లేదు. మనం తిన్న గ్లూకోజ్‌లో చాలావరకు చిన్నపేగులోనే రక్తంలోకి వెళ్లిపోతుంది. అయినా పాటిస్తామంటే సరే, చక్కెర తగ్గితే నష్టమేమీ లేదు. కానీ పాటిస్తే సరిగ్గా పాటించండి.

చక్కెరకి బదులని కొన్న తీపి పొడి ప్యాకెట్‌లో నిజంగా ఏముందో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. మూడు గాజు గ్లాసుల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున గోరువెచ్చని నీళ్లు పోయండి. వేడి 40 డిగ్రీలు దాటకూడదు, మరీ వేడైతే ఈస్ట్ చచ్చిపోయి పరీక్షే చెడుతుంది. ఒక్కోదాంట్లో అర టీస్పూను డ్రై ఈస్ట్ కలపండి. మొదటిదాంట్లో ఇంకేమీ వద్దు, రెండోదాంట్లో టీస్పూను పంచదార, మూడోదాంట్లో మీరు కొన్న పొడి వేయండి. అరగంటకి పంచదార గ్లాసు మీద మందంగా నురగ కడుతుంది. ఉత్త ఈస్ట్ గ్లాసులో కూడా కాస్త కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. అసలైన ఎరిథ్రిటాల్ (షుగర్ ఆల్కహాల్ అనే రకం తీపి పొడి) వేసిన గ్లాసు ఆ ఉత్త గ్లాసులాగే ఉండిపోతుంది. ‘స్టీవియా’ (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) అని పెద్దక్షరాలతో రాసిన పొడి పొంగితే అందులో డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, ఉందేమో లేబుల్ తిప్పి చూడండి. ఈ పరీక్ష చెప్పేది ప్యాకెట్ గురించే, మీ పేగు గురించి కాదు. లాక్టోజ్‌ని, అంటే పాలలోని చక్కెరని, బ్రెడ్ ఈస్ట్ తినలేదు కాబట్టి, లాక్టోజ్ కలిపిన తీపి మాత్రలు పొంగవన్నది గుర్తుంచుకోండి.

ఇలా ఎందుకు కలుపుతారంటే, స్టీవియా సారం పంచదార కన్నా 200 నుంచి 300 రెట్లు తీపి, సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి దాదాపు 600 రెట్లు. అంత కొంచెం పొడిని సాచెట్‌లో నింపలేరు కాబట్టి డెక్స్‌ట్రోజో, పిండిపదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రినో పోస్తారు. కాఫీలో ఒక సాచెట్ వేసుకుంటే పోయేదేం లేదు, అందులో ఉండేది గ్రాము లోపే. అదే పొడిని పాయసంలో కప్పుల లెక్కన పోస్తేనే చిక్కు.

కాఫీ, టీలకి ఏమీ కలపని స్టీవియా సారం కొనుక్కోండి. కాచి చల్లార్చిన 50 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక గ్రాము కరిగించి, డ్రాపర్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. చుక్కకి సుమారు ఒక మిల్లీగ్రాము వస్తుంది. 15 చుక్కలు ఒక టీస్పూను పంచదారకి సమానం. పదితో మొదలుపెట్టండి, ఎక్కువైతే నాలుక మీద చేదు నిలిచిపోతుంది. వారం, పది రోజుల్లో వాడేసి మళ్లీ కొత్తది కలుపుకోండి.

వంటకి ఎరిథ్రిటాల్ నయం. తీపి పంచదారలో మూడింట రెండొంతులు. చాలావరకు రక్తంలోకి వెళ్లి మూత్రంలో పోతుంది కాబట్టి పొట్ట ఉబ్బరం తక్కువ. దీన్ని ఈస్ట్ చేతే పులియబెట్టి తయారుచేస్తారని తెలిసి కొందరు భయపడతారు, కానీ శుద్ధిచేసిన పలుకుల్లో ఈస్ట్ మిగలదు. రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బుల ముప్పు ఎక్కువగా కనిపించిందని 2023లో ఒక పరిశోధన వచ్చింది. అదే కారణమని తేలలేదు గానీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు రోజూ గుప్పెళ్లతో తినకపోవడమే మంచిది. జైలిటాల్ అనే ఇంకో షుగర్ ఆల్కహాల్ రుచికి పంచదారలాగే ఉంటుంది, ఎక్కువైతే విరేచనాలు. ఇంట్లో కుక్క ఉంటే అసలు తేవద్దు, కొంచెం తిన్నా దాని ప్రాణం మీదికొస్తుంది. ‘షుగర్ ఫ్రీ’ స్వీట్లలో, చాక్లెట్లలో తరచుగా కనిపించే మాల్టిటాల్ (లేబుల్ మీద 965) రక్తంలో చక్కెరని కొంత పెంచుతుంది, పొట్టనీ ఇబ్బంది పెడుతుంది. ఆస్పర్టేమ్ (951) అనే కృత్రిమ తీపి పొయ్యి మీద పెడితే తీపి పోతుంది.

పాకం మాత్రం స్టీవియాతో గానీ ఎరిథ్రిటాల్‌తో గానీ రాదు. ఎరిథ్రిటాల్ కరిగినా తీగ సాగదు, చల్లారగానే పలుకులు కడుతుంది. అరిసెలకి ఆశపడొద్దు. పాకం అక్కర్లేని సున్నుండలు చక్కగా కుదురుతాయి: వేయించి పట్టించిన మినప్పిండి పావుకిలో, మిక్సీలో మెత్తగా ఆడించిన ఎరిథ్రిటాల్ 200 గ్రాములు, పావు గ్రాము స్టీవియా, ఉండ కట్టడానికి సరిపడా వేడినెయ్యి. పలుకులుగా వేస్తే పంటికింద ఇసుకలా తగులుతుంది. నోట్లో కాస్త చల్లగా అనిపించడం దాని గుణం, యాలకుల పొడి వేస్తే అంతగా తెలియదు.

ఇక ఈస్ట్ ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంటే తీపి పొడులు మార్చుకుంటూ కూర్చోకుండా ముందు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి. కొన్నిసార్లు అదుపులో లేని షుగరే అసలు కారణం. మూత్రంలో చక్కెరని బయటికి పంపే షుగర్ మాత్రలు కొన్ని ఉన్నాయి, పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటుంది. అవి వాడుతుండగా దురద, తెల్లబట్ట మొదలైతే మీ అంతట మీరు ఆపేయకుండా, ఆ మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.