పని ముందు ప్లస్సా, మైనస్సా?

డిగ్రీలో నాకు రెండు నోట్సులుండేవి. ఫిజిక్స్ నోట్సులో, వేడికీ పనికీ లెక్క చెప్పే ఉష్ణగతికశాస్త్రం మొదటి నియమం రాస్తే పని ముందు మైనస్ ఉండేది. కెమిస్ట్రీ నోట్సులో అదే నియమం, అదే పని, ముందు మాత్రం ప్లస్. ఏది రైటండీ అని అడిగితే, "మా పేపర్లో ప్లస్ పెట్టు, వాళ్ల పేపర్లో మైనస్ పెట్టు" అన్నారు మా లెక్చరర్ గారు. అలాగే పెట్టాను, మార్కులొచ్చాయి. వాయువు చేసిన పనిని లెక్కేస్తున్నామా, వాయువు మీద జరిగిన పనినా అన్నదొక్కటే తేడా అని తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

అప్పటికి నయం. ఎంపీసీ అంటే మూడూ చదివేవాళ్లం, కనీసం గొడవ ఉందని తెలిసేది. 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ మేజర్, అంటే డిగ్రీకి ఒకే ప్రధాన సబ్జెక్టు, వచ్చాక ఆ గొడవే లేకుండా పోయింది, ఎందుకంటే రెండో నోట్సే పక్కకి పోయింది. మైనర్‌గా ఏది దొరికితే అది. 2020 జాతీయ విద్యావిధానం సబ్జెక్టుల మధ్య గోడలు కూల్చమంటే, మనం గదికొక తాళం వేశాం. ఫిజిక్స్, కెమిస్ట్రీ, భూశాస్త్రం, వాటికి కావలసిన గణితం కలిపి నేసిన భౌతిక శాస్త్రాల డిగ్రీ ఒకటి కావాలి. అది విశాఖలోనే మొదలవ్వాలి.

అలాంటి డిగ్రీ చదివినవాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడని వాదన. పీజీకి వెళ్తే 'నీది ఏ సబ్జెక్టు' అంటారని తల్లిదండ్రుల టెన్షన్. అర్థం చేసుకోదగ్గదే. కానీ బెంగళూరు ఐఐఎస్సీలో గానీ తిరుపతి ఐసర్‌లో గానీ పిల్లలు మొదట సైన్సులన్నీ చదివాకే ఒకదానిలో లోతుకి దిగుతున్నారు. వాళ్లెవరూ రేవడులు కాలేదు. అక్కడ సీటొచ్చిన పిల్లలకి మంచిదైనది మన గవర్నమెంట్ కాలేజీ పిల్లలకి చెడ్డదెలా అవుతుంది?

విశాఖే ఎందుకంటే, 2020 మే 7 తెల్లవారుజాము గుర్తు తెచ్చుకోండి. గ్యాస్ లీకైన ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో ఉన్నది స్టైరీన్, ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. నిల్వ ఉంచితే దాని అణువులు తమంతట తామే గొలుసు కడతాయి. కట్టేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి గొలుసు ఇంకా జోరుగా సాగుతుంది. దాన్ని అదుపులో పెట్టడానికి టీబీసీ అనే రసాయనం కలుపుతారు. ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉంటేనే అది పనిచేస్తుంది. ఇక్కడిదాకా కెమిస్ట్రీ. ద్రవాన్ని తిప్పకుండా వదిలేసిన ట్యాంకులో వేడి ద్రవం పైకి చేరి, చల్లనిది అడుగున ఉండిపోతుంది. అది ఫిజిక్స్. ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగునే ఉందని విచారణ కమిటీ తేల్చింది. కింద చల్లగా ఉందని చూపిస్తుంటే పైన ఉడికిపోతోంది. బయటికొచ్చిన ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారున పాకింది. ఆ వేళకి గాలి కూడా పెద్దగా పైకి లేవదు. అది వాతావరణ శాస్త్రం. వెంకటాపురం ఊరు నిద్రలో ఉంది. 12 మంది పోయారు.

ఒక డిగ్రీ ఉండి ఉంటే ఆ ప్రమాదం తప్పేదని నేననను. ఆ ట్యాంకు కథ మొత్తం మన డిగ్రీ క్లాసుల్లో ఏ ఒక్క గదిలోనూ చెప్పరు, నా బాధ అదీ.

ఈ ఊరికి ఇది కొత్త విద్యేం కాదు. కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సి. మహదేవన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి భూగర్భశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1950లలో అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్‌తో కలిసి వాల్తేరు తీరం మీద సముద్రాన్ని చదివించారు. ఫిజిక్స్ ల్యాబు నుంచి బయల్దేరిన మనిషి రాళ్ల మీదుగా అలల దాకా నడిచాడు. నువ్వు ఏ డిపార్టుమెంటు అని ఎవరూ అడ్డం పడలేదు.

ఇప్పుడు ఇదే ఊళ్లో ఇంటర్‌లో సైన్సంటే ఇంజినీరింగ్ గేటు ముందు క్యూ. ఫార్ములాలు బిట్లకి, సముద్రమేమో ఫ్లాట్ ధర పెంచడానికి. నలభై అంతస్తుల మీంచి బీచ్ చూపించే బ్రోషరు ఉంటుంది గానీ, ఆ బీచ్ ఎందుకు కోతకి గురవుతోందో కొన్నవాడికీ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. విశాఖ పోర్టు ఔటర్ హార్బర్ గోడ దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకని ఆపేస్తుంది. అలా పేరుకున్న ఇసుకని డ్రెడ్జర్‌తో తీసి పైపుల్లో బీచ్ వైపు కొడతారు, అల మళ్లీ పట్టుకుపోతుంది. అల వంగడం, ఇసుక రేణువు సైజు, ఉప్పునీటి సాంద్రత అన్నీ ఒకే చోట ఉన్న లెక్క ఇది.

ఆ డిగ్రీలో మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్ నన్ను పెట్టమంటే పెద్ద ల్యాబేం అడగను. ఒక టేపు, ఒక జల్లెడ సెట్టు, ఒక థర్మామీటరు ఇచ్చి, నెలకి రెండుసార్లు పోటు తీసే వేళకి పిల్లల్ని ఆర్కే బీచ్‌కి పంపుతాను. ఒడ్డు ఎన్ని అడుగులు వెనక్కి జరిగిందో కొలిచి, ఎందుకు జరిగిందో ఒకే రికార్డులో రాసుకు రమ్మంటాను.